‘వనకరి చిక్కె’ పద్యంలో దీపప్పురుగు ఎక్కడుంది?

చండూరు: దాశరథీ శతకంలో ఒక్కో జీవి ఒక్కో ఇంద్రియానికి చిక్కి చెడిందని చెప్పే పద్యం, ‘వనకరి చిక్కె మైనసకు వాచవికిం జెడిపోయె మీను’ (అడవి ఏనుగు ఒంటి దురదకు, చేప నోటి రుచికి)... దీని తర్వాత దీపం మీద పడే పురుగు వస్తుంది కదా, ఆ ముక్క ఎవరికైనా గుర్తుందా? పొద్దుటి నుంచి ఒకటే టెన్షన్.

పాలమూరు: రాదన్నా. ‘తా వినికికిఁ జిక్కెఁ జిల్వ (పాము), గనువేఁదురు జెందెను లేళ్ళు’. సంస్కృతంలో ‘కురంగ మాతంగ పతంగ’ అని చెవికి జింక, కంటికి పతంగం, అంటే దీపప్పురుగు. మన కంచర్ల గోపన్న (భక్త రామదాసు) పామును చెవికి తెచ్చి, జింకను కంటికి జరిపి, పురుగును తీసేశాడు. పాల్వంచ తహసీల్దారు కదా, బదిలీలు అలవాటే.

దేవరకొండ: నేను విన్నది ‘తావినికిఁ జిక్కె’. తావి అంటే వాసన, మొగలిపొదల్లో పాము. పాదం చివర మాట విరగడం మామూలే.

పాలమూరు: తావికి అంటారు గానీ తావినికి ఏంటి సార్? పైగా ఒక ‘కి’ పోతే చంపకమాల గణాలు కూలిపోతాయి. కింద తేటికి (తుమ్మెదకు) ‘తావిలో’ ఉండనే ఉంది, మరి చెవి ఎవరికిస్తారు?

అచ్చంపేట: పురుగును తీసేయడమే న్యాయం. దసలి పట్టు (అడవి పట్టు) పురుగు రెక్కలొచ్చి అయ్యే చిలుకనే చూడండి, మహాదేవపూర్, చెన్నూరు వైపు నల్లమద్ది మీద పెంచుతారే, అది. ఆకుపచ్చ పురుగు నాలుగుసార్లు పొర విడిచి, కోడిగుడ్డంత గట్టి గూడు కట్టి కాడతో కొమ్మకు వేలాడుతుంది. కొన్ని గూళ్లలో ప్యూపా చలికాలం, ఎండాకాలం అలాగే నిద్రపోయి తొలకరికి లేస్తుంది. గూటిని కొరకదు, ఒక ద్రవం వదిలి మెత్తబరచి తోసుకుని వస్తుంది. నాలుగు రెక్కల మీదా అద్దం బిళ్లలాంటి గుండ్రటి మచ్చ. అసలు సంగతి, చిలుకయ్యాక దానికి తినే నోరే ఉండదు, అంటే ‘వాచవి’ దాని దగ్గర పనిచేయదు. మగది ఈకల్లాంటి మీసాలతో ఆడదాని వాసన పట్టి చీకట్లో దూరం నుంచి వెతుక్కుంటూ వస్తుంది. చిక్కేది తావికి, కంటికి కాదు!

దేవరకొండ: చూశారా, తావే!

పాలమూరు: పాముకు సార్, పురుగుకు కాదు.

చండూరు: మాది మల్బరీ పట్టు, దసలి సంగతి మాకెందుకు గానీ, ‘తరమా యిరుమూఁటిని గెల్వ’లో ఇరుమూడు అరిషడ్వర్గమేనా? పైన లెక్కపెడితే ఇంద్రియాలు ఐదే ఉన్నాయి.

అచ్చంపేట: ఆరోది మనసు.

పాలమూరు: అరిషడ్వర్గమే. మరి ఆ వెంటనే వచ్చే ‘ఐదు సాధనముల’ అంటే ఏవి? అది చెప్పండి ముందు.