ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్ 5 నుంచి 6కి: ఒకేరోజు దూకాలా, ఒక్కో స్టేట్ దాటించాలా?

తుంగభద్ర_తీరం (బెంగళూరు):
మా క్లౌడ్‌ని కోడ్‌తో నడిపే టెరాఫామ్‌లో స్టేట్‌లు (ఏమేం కట్టామో రాసుకునే ఫైళ్లు) 43. అన్నీ ఇంకా ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్ (టెరాఫామ్‌ని అమెజాన్ క్లౌడ్‌తో కలిపే ప్లగిన్) 5 మీదే ఉన్నాయి. పని అంతా ముంబై రీజియన్‌లో, డీఆర్ (విపత్తు వస్తే వాడే ఏర్పాటు) హైదరాబాద్‌లో. హైదరాబాద్‌కి ఎలియాస్ ప్రొవైడర్ (ఇంకో రీజియన్ కోసం వేరే పేరుతో రెండో సెట్టింగ్) పెట్టాం. అందరూ వాడుకునే మాడ్యూళ్లు (ఉమ్మడి కోడ్ ముక్కలు) ఆరు, ఆరింట్లోనూ ప్రొవైడర్ వెర్షన్ హద్దు (5.x దాకానే) ~> 5.0. ప్రొవైడర్ 6.0 వచ్చింది 2025 జూన్‌లో. ఓ శనివారం కూర్చుని అన్నీ తేల్చేద్దామని సగంమంది, ఒక్కోటే మారుద్దామని సగంమంది. మీరేమంటారు?

గోంగూర_404:
ఒకేరోజు. రెండు మేజర్ వెర్షన్లు పక్కపక్కన ఉన్నన్నాళ్లూ మాడ్యూల్‌లో ప్రతి చిన్న మార్పూ రెండుసార్లు రాయాలి, రెండుసార్లు పరీక్షించాలి. నెమ్మదిగా మొదలుపెట్టిన 43, ముప్పై దగ్గర ఆగుతుంది. మిగతా పదమూడూ ఎవరికీ పట్టవు.

ప్లాన్_చూశాకే:
గోంగూర గారూ, శనివారం సాయంత్రం 27వ స్టేట్‌లో ఇరుక్కుంటే వెనక్కెలా వస్తారు? 6తో అప్లై (మార్పుల అమలు) అయ్యాక స్కీమా (డేటా రూపం) మారిన రిసోర్సులు (సర్వర్, బకెట్ లాంటివి) స్టేట్‌లో కొత్త రూపంలో రాసుకుపోతాయి. మళ్లీ 5 పెడితే, ఈ రిసోర్సు ఇంతకంటే కొత్త ప్రొవైడర్ చేతిలో ఉందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. స్టేట్ దాచే బకెట్ వెర్షనింగ్‌లోంచి పాత స్టేట్ తెచ్చుకోవచ్చు. కానీ ఈమధ్యలో పుట్టినవేవీ దానికి తెలియవు, చేత్తో ఇంపోర్ట్ చేసుకోవాలి.

ఒక్కో స్టేట్‌కీ వరస ఇది. ముందు 5లోనే ఆఖరి వెర్షన్‌కి వెళ్లి, డెప్రికేషన్ వార్నింగులు (త్వరలో తీసేస్తామనే హెచ్చరికలు) తీర్చి, ప్లాన్ (ఏం మారబోతోందో చూపే జాబితా) ఖాళీగా వచ్చేదాకా కదలొద్దు. తర్వాత స్టేట్ పుల్ చేసి కాపీ దాచాలి. అప్పుడు రూట్‌లో (ఆ స్టేట్‌ని నడిపే పై స్థాయి కోడ్‌లో) ~> 6.0 రాసి ఇనిట్ -అప్‌గ్రేడ్ కొట్టాలి (ఇనిట్ అంటే ప్రొవైడర్‌ని దించే కమాండ్; ఉత్త ఇనిట్ కొడితే పాత వెర్షన్‌ని పట్టి ఉంచే లాక్ ఫైల్ అడ్డుపడుతుంది). ప్లాన్‌ని -డీటెయిల్డ్-ఎగ్జిట్‌కోడ్‌తో నడపాలి: 0 వస్తే మార్పు లేదు, 2 వస్తే ఉంది, 1 వస్తే ఎర్రర్. 2 వస్తే ప్లాన్‌ని జేసన్‌గా తీసి, జేక్యూతో (జేసన్‌లో వెతికే టూల్) డిలీట్ యాక్షన్ ఉన్నవి వెతకాలి. ఒక్కటి కనబడినా ఆ స్టేట్‌కి ఆరోజు సెలవు.

బెళ్లందూరు_బస్సు:
శనివారం మొదలుపెడితే సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటేసరికి సోమవారం.

గోంగూర_404:
వెనక్కి రావాల్సిన అవసరం ఎందుకొస్తుంది అన్నా? ప్లాన్ స్టేట్‌ని రాయదు. వారం ముందే బ్రాంచిలో 43 ప్లాన్‌లూ 6తో నడిపి చూసుకోండి. అన్నీ 0 వచ్చాకే శనివారం. అసలు తప్పు మాడ్యూళ్లలో ఉన్న ~> 5.0. నలుగురు వాడే మాడ్యూల్‌లో కింది హద్దు మాత్రమే ఉండాలి, >= చాలు. పై హద్దు రూట్ చూసుకుంటుంది. మాడ్యూల్ ~> 5.0 అని, రూట్ ~> 6.0 అని పట్టుబడితే రెండింటికీ సరిపోయే వెర్షనే ఉండదు, ఇనిట్ చచ్చిపోతుంది.

ప్లాన్_చూశాకే:
పై హద్దు ఉండబట్టే ఇనిట్ దగ్గర ఆగింది. >= పెట్టి ఉంటే, రూట్‌లో ఏ హద్దూ రాయని బద్ధకస్తుడి కొత్త రిపోలో 6 దిగేది. నెట్‌వర్క్ మాడ్యూల్‌లో ఈఐపీకి (మారని పబ్లిక్ ఐపీ అడ్రస్‌కి) వీపీసీ = ట్రూ అని ఉందనుకోండి, 6లో ఆ ఆర్గ్యుమెంటే తీసేశారు.

గోంగూర_404:
డొమైన్ = "వీపీసీ" అని రాయడం 5లోనే కుదురుతుంది. అలా మారిస్తే మాడ్యూల్ రెండింట్లోనూ నడుస్తుంది. వార్నింగ్ వచ్చినరోజే మార్చాల్సింది. హద్దు పెట్టి పడుకున్నారు.

ప్లాన్_చూశాకే:
మీరు హద్దు గుర్తు పట్టుకుని వేలాడుతున్నారు.

నెల్లూరు_నెట్‌వర్క్:
చిన్న సందేహం. స్టేట్‌లు రిమోట్ స్టేట్‌తో ఒకదాన్నొకటి చదువుకుంటుంటే అన్నీ కలిపే మార్చాలి కదా?

ప్లాన్_చూశాకే:
అక్కర్లేదు. రిమోట్ స్టేట్ చదివేది ఔట్‌పుట్‌లనే. నెట్‌వర్క్ 5లో, యాప్ 6లో ఉండొచ్చు. ఔట్‌పుట్ అర్థం మారిందేమో మాత్రం చూసుకోండి. ఎస్3 బకెట్ ఏ రీజియన్‌లో ఉందో చెప్పే రీజియన్ అనే ఆట్రిబ్యూట్ 6లో బకెట్_రీజియన్ అయింది. పాత పేరు పోలేదు, రిసోర్సుని ఏ రీజియన్‌లో నడపాలో చెప్పే కొత్త పనికి దాన్ని వాడారు. కాబట్టి ఎర్రర్ రాదు. ఇలాంటివే ప్రమాదం.

గోంగూర_404:
2022లో 4.0 వచ్చినప్పుడూ ఇదే పాట. ఎస్3 బకెట్ లోపలి సెట్టింగులన్నీ విడి రిసోర్సులు చేశారు, ఆగినవాళ్లకి 4.9లో పాత పద్ధతి తిరిగొచ్చింది. నిజమే, అప్పుడు ఆగడం తెలివే. ఇప్పుడు 6.0 వచ్చి ఎన్నాళ్లయింది? ఇంకా దేనికి ఆగుతారు?

రాత్రిపూట_పేజర్:
ఇద్దరూ హద్దులు, తేదీలు మాట్లాడుతున్నారు. శుక్రవారం ఐదింటికి బాట్ పీఆర్ (కోడ్ మార్పు అభ్యర్థన) వస్తుంది, "ప్రొవైడర్ 6కి మార్పు" అని ఒక్క లైను. కింద 900 లైన్ల ప్లాన్. అది చదివేదెవరు? ప్లాట్‌ఫామ్ వాళ్లు ట్యాగ్ కొట్టి చేతులు దులుపుకుంటారు, యాప్ జట్టు పచ్చ టిక్కు చూసి మెర్జ్ చేస్తుంది. ఒకటి చెప్తా వినండి. 6లో ఇన్‌స్టన్స్ యూజర్ డేటా (సర్వర్ బూట్ స్క్రిప్టు) స్టేట్‌లో హ్యాష్‌గా కాదు, ఉన్నదున్నట్టే ఉంటుంది. బూట్ స్క్రిప్టులో పాస్‌వర్డ్ పెట్టినవాళ్లుంటే అది స్టేట్‌లో చదవొచ్చు. మీ ఎగ్జిట్ కోడ్ 0 ఈ సంగతి చెప్పదు.

గోంగూర_404:
పాస్‌వర్డ్ యూజర్ డేటాలో పెట్టినవాళ్ల తప్పు ప్లాట్‌ఫామ్ నెత్తిన రుద్దకండి. మీ ప్లాన్ మీరు చదవకపోతే ఎవరు చదువుతారు?

రాత్రిపూట_పేజర్:
మాడ్యూల్ లోపల మీరేం రాశారో మాకెలా తెలుస్తుందండీ? మాకు కనబడేది మాడ్యూల్ పేరు, వెర్షన్ అంకె. మీ రిసోర్సు కూలితే ఫోన్ మోగేది మాకు.

గోంగూర_404:
సరే, తెరిచే చెప్తున్నా. ఇలాంటి జట్లలో మాడ్యూళ్లు చూసేది ఇద్దరో ముగ్గురో. రెండు మేజర్లు ఆరునెలలు మోయడానికి మనుషుల్లేరు. అందుకే ఒకేరోజు అంటాం.

రాత్రిపూట_పేజర్:
అదీ మాట. ఇది మొదటి పోస్టులో రావాల్సింది. ఇది వెర్షన్ గొడవ కాదు, మనుషులు చాలని గొడవ. ఆ బరువు శనివారం రాత్రి మా మీదికి దొర్లిస్తున్నారు.

బెళ్లందూరు_బస్సు:
పాప్‌కార్న్ అయిపోయింది.

ప్లాన్_చూశాకే:
కాస్త తగ్గండి ఇద్దరూ. రెండు బ్రాంచీలు అక్కర్లేదు. మాడ్యూల్‌ని ముందు 5లోనూ 6లోనూ నడిచేలా సర్ది, రెండు ప్రొవైడర్లతోనూ సీఐలో (ఆటోమేటిక్ పరీక్షల ఏర్పాటులో) పరీక్షించి, ఒక్క ట్యాగ్ వదలండి. హద్దు >= 5.0, < 7.0. గోంగూర గారికి ఆయన >=, నాకు నా పై హద్దు. తర్వాత ఏ రూట్ ఎప్పుడు కదలాలో ఆ జట్టే చూసుకుంటుంది, గడువు మాత్రం ముందే చెప్పాలి.

ఇంకొకటి, తుంగభద్ర గారూ. హైదరాబాద్ ఎలియాస్ తీసేసి రిసోర్సుకే రీజియన్ రాయొచ్చని 6లో అందరికీ సరదా. వెర్షన్ మార్పుతో కలిపి ఆ పని చేయొద్దు. ముందు ఎలియాస్ అలాగే ఉంచి, 6తో అప్లై -రిఫ్రెష్-ఓన్లీ (ఏ రిసోర్సునీ మార్చకుండా స్టేట్‌ని తాజా చేసేది) చేస్తే స్టేట్‌లోకి రీజియన్ చేరుతుంది. ఎలియాస్ తీయడం వేరే పీఆర్‌లో. ఎలియాస్ తీసి రీజియన్ రాయడం మరిచిపోతే, డీఆర్ రిసోర్సుల్ని హైదరాబాద్‌లో కూల్చి ముంబైలో కడతానని ప్లాన్ చూపిస్తుంది.

నెల్లూరు_నెట్‌వర్క్:
లాక్ ఫైల్ సంగతి కూడా. ల్యాప్‌టాప్ మ్యాక్, సీఐ లైనక్స్ అయి, ప్రొవైడర్‌ని లోపలి మిర్రర్ నుంచి దించుకుంటుంటే మ్యాక్ హ్యాష్ ఒక్కటే రాసుకుంటుంది. సీఐలో చెక్‌సమ్ తప్పుతుంది. ప్రొవైడర్స్ లాక్‌కి రెండు ప్లాట్‌ఫామ్‌లూ ఇచ్చి కమిట్ చేయండి.

తుంగభద్ర_తీరం:
గ్రెప్ కొట్టాను (కోడంతా వెతికాను). వీపీసీ = ట్రూ 11 చోట్ల ఉంది. మాడ్యూళ్లలో 2, మా రూట్లలో 5. మిగతా 4 ఏ జట్టువో తెలియని రిపోల్లో.

రాత్రిపూట_పేజర్:
ఓనర్ ఫైల్‌లో పేరు ఉంటుందిగా?

తుంగభద్ర_తీరం:
ఉంది. మెయిల్ పెడితే బౌన్స్ అయింది.