పాత మెకానిక్ షెడ్డు స్థలం కొంటే తుక్కు బళ్లు, నూనె ఇంకిన మట్టి ఎవరి బాధ్యత?

ప్రశ్న:
హైదరాబాద్ శివారులో 200 గజాల స్థలానికి అడ్వాన్సు ఇచ్చాను. అక్కడ చాలా ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిచింది. ఖాళీ చేసిన అద్దెదారు కదలని నాలుగు కార్లను, పగిలిన బ్యాటరీలను వదిలిపోయాడు. బళ్ల కింద నేల పాత ఇంజన్ ఆయిల్ ఇంకి నల్లబడింది. అమ్మే పెద్దమనిషి మాత్రం పాత ఇనుము వాళ్లను పిలిచి, పైమట్టిని ఒక టిప్పరుకు ఎత్తించేస్తే చాలంటున్నారు. బళ్లు తీయించమని పోలీసులను అడగవచ్చా? మట్టి సంగతి ఎవరు చూడాలి?

జవాబు 1:
పోలీసుల దారి మీకు పనికిరాదండి. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద పది గంటలకు మించి వదిలేసిన బండిని తరలించే అధికారం బహిరంగ ప్రదేశాలకే వర్తిస్తుంది, మీది ప్రైవేటు స్థలం. తుక్కు చేయడానికి 2021 నాటి వాహన స్క్రాపింగ్ నిబంధనల కింద నమోదైన స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వాలి. అక్కడ బండి దొంగసొత్తు కాదని సరిచూసి, యజమాని పేరిట డిపాజిట్ సర్టిఫికెట్ (బండిని తుక్కుకు అప్పగించినట్టు పత్రం) ఇస్తారు; దానితో కొత్త సొంత కారు కొంటే వాహన పన్నులో గరిష్ఠంగా 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనల్లో వీలుంది. అంటే బండిని అప్పగిస్తూ సంతకం చేయవలసింది ఆర్‌సీలో పేరున్న వ్యక్తి, మీరు కాదు. పాత ఇనుము వాళ్లు విడగొట్టి పట్టుకుపోతే బండి రిజిస్ట్రేషన్ రద్దు కాకుండా అలాగే మిగిలిపోతుంది.

జవాబు 2:
బళ్లకన్నా మట్టే పెద్ద చిక్కు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన నూనె కూడా ఉంది. బ్యాటరీల నుంచి కారిన ఆమ్లంతో సీసం కూడా నేలలోకి దిగి ఉండవచ్చు. అటువంటి మట్టిని ఏ చెరువు గట్టునో పోయిస్తే, కాలుష్యం పోదు సరికదా, పోయించినవారి మెడకు చుట్టుకుంటుంది. అధికారికంగా పంపాలంటే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం వంటి చోటికి, పత్రాలతో సహా పంపాలి.

కలుషిత స్థలాల నిర్వహణపై 2025 జులైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాలను స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం గుర్తించాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి, శుద్ధి ఖర్చు కారకుడే భరించాలి. అయితే అవి పెద్ద పరిశ్రమలను దృష్టిలో పెట్టుకుని రాసినవని నా అభిప్రాయం. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు పరిశ్రమల కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం దశాబ్దాలు సాగింది. 200 గజాలకు అంత ఓపిక ఎవరికుంటుంది? కాబట్టి మీ రక్షణ అగ్రిమెంటులోనే ఉంది. గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో మట్టిని, పక్కింటి బోరు నీటిని నూనె అవశేషాలకు, సీసానికి పరీక్షించి, ఫలితం వచ్చాకే స్థలం రిజిస్ట్రేషన్ పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మేవారితో మాట్లాడాను, రెండు కార్ల ఆర్‌సీలు దొరికాయి, మిగిలిన రెండింటి యజమానుల జాడ తెలియదు. పరీక్ష ఖర్చులో సగం భరిస్తానన్నారు కానీ మట్టి తొలగింపు ఖర్చు గురించి మాట దాటవేస్తున్నారు.

జవాబు 2:
ఆ ఖర్చు ఆయనదేనని, శుద్ధి కాకపోతే అడ్వాన్సు తిరిగి ఇస్తానని రాసివ్వమనండి. రాయకపోతే బేరం వదులుకోవడమే మేలు. జాడలేని బళ్ల ఛాసిస్ నంబర్లు ఫొటో తీసి, స్థలం రిజిస్ట్రేషన్‌కు ముందే వాటి యజమానుల జాడ కోసం స్థానిక పోలీసు స్టేషన్లో అమ్మేవారి పేరిట దరఖాస్తు ఇప్పించండి.