నెల చూసి ఊరా, ఊరు చూసి నెలా?

నీలిమేఘం:
నాకు సెలవు దొరికేది అక్టోబర్‌లోనే, అందులో మార్పు లేదు. చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నది ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే సరిహద్దున ఉన్న విక్టోరియా జలపాతం. తీరా కనుక్కుంటే అక్టోబర్ దానికి సీజన్ కాదంటున్నారు. ఏం ఫర్వాలేదు వెళ్ళమనేవాళ్ళూ ఉన్నారు. మీరైతే అక్కడికే వెళ్తారా, వేరే చోటు చూసుకుంటారా?

లెక్కలమాస్టారు:
వేరే చోటు చూసుకుంటాను. ఇందులో ఆలోచించడానికేముంది? ఆ జలపాతానికి నీళ్ళిచ్చే జాంబెజీ నది అడుగంటే కాలం అది. జాంబియా వైపు నిలబడితే చాలా మేర ఎండిన రాతిగోడే కనబడుతుంది. జలపాతం చూడ్డానికి అంత దూరం వెళ్ళి రాళ్ళు చూసి రావాలా? నది నిండేది ఏప్రిల్‌లో. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ ప్రాంతంలో వానలు సుమారుగా నవంబర్ నుంచి మార్చి దాకా. కానీ ఎగువన పడ్డ నీళ్ళు పెద్ద వరద మైదానాల్లో పరుచుకుని, నిదానంగా కిందికి దిగుతాయి. అందుకే వానలు తగ్గుముఖం పట్టాక నది పొంగుతుంది. ఫోన్‌లో నెలవారీ వాన లెక్క ఒక్కటే చూసి టికెట్ కొనేవాళ్ళకు ఈ సంగతి తెలియదు.

నేను ఏ చోటుకైనా ముప్పై ఏళ్ళ సగటు చూస్తాను. ఎంత వాన పడుతుందని మాత్రమే కాదు, నెలలో ఎన్ని రోజులు పడుతుందో కూడా చూస్తాను. గంటసేపు దంచి వెళ్ళిపోయే వాన వేరు, పొద్దుట్నుంచి పట్టుకున్న ముసురు వేరు. ముందు నెల, తర్వాతే ఊరు.

దారితప్పినవాడు:
మాస్టారూ, ఏప్రిల్‌లో అక్కడ ఏం కనబడుతుందో కూడా సెలవివ్వండి. తుంపర! 108 మీటర్ల కిందికి అంత నీరు పడి పైకి లేచే తుంపరలో ఎదురుగా ఉన్న జలపాతమే కనబడదు. అక్టోబర్‌లోనైతే లోయ అడుగు దాకా రాతి పొరలు కనబడతాయి. జింబాబ్వే వైపు నీళ్ళు అప్పుడూ పడుతూనే ఉంటాయి. జాంబియా వైపు జలపాతం అంచునే ఉన్న డెవిల్స్ పూల్ అనే మడుగులో గైడు తోడుగా దిగొచ్చు. నది నిండుగా ఉన్నప్పుడు ఆ ఊసే ఎత్తరు.

బొలీవియాలో ఉయుని ఉప్పు మైదానం ఉంది, 10,000 చదరపు కిలోమీటర్లకు పైనే. జనవరి నుంచి మార్చి దాకా వాన నీళ్ళు పలచగా నిలిచి ఆకాశమంతా కింద ప్రతిబింబిస్తుంది. మిగతా కాలంలో ఎండి, ఆరు పలకల ఉప్పు గళ్ళు కనబడతాయి. ఇందులో ఏది సీజన్? ఎవరి ఫోటో ఎక్కువమంది చూశారో అదే సీజన్ అయిపోయింది.

చిన్నగొడుగు:
ఏప్రిల్‌లో అసలు కనబడదనడం మరీ అతి.

లెక్కలమాస్టారు:
అతి కాదు, అబద్ధం. గాలి మళ్ళినప్పుడల్లా తుంపర తెర చీలి ఎదుటి గోడ కనబడుతుంది. హెలికాప్టర్ ఎక్కితే మొత్తం జలపాతం కళ్ళముందే. పున్నమి రాత్రుల్లో వెన్నెలకు ఇంద్రధనుస్సు పడేది కూడా నీళ్ళు, తుంపర బాగా ఉన్న నెలల్లోనే. అక్టోబర్‌లో పట్టమనండి చూద్దాం.

దారితప్పినవాడు:
గాలి మళ్ళితే కనబడుతుందట! గాలి ఎప్పుడు మళ్ళుతుందో మీ ముప్పై ఏళ్ళ సగటులో ఉందా?

పగటివెన్నెల:
మధ్యలో జూన్, జూలై ఉన్నాయి మహాశయులారా. ఆకాశం తేటగా ఉంటుంది, నీళ్ళూ తగినన్ని ఉంటాయి, తుంపర కాస్త తగ్గుతుంది. అయినా అడిగినవారికి సెలవు అక్టోబర్‌లో కదా, మీరిద్దరూ ఏప్రిల్ గురించి కొట్టుకుంటారేం?

దారితప్పినవాడు:
ఎందుకంటే అసలు ఈ సగటు పిచ్చి మీదే నా గొడవ. అక్టోబర్ అనగానే మాస్టారు ఎలాగూ నేపాల్ పేరు చెబుతారు. వర్షాకాలం వెళ్ళిపోయి, గాలిలో దుమ్ము కడుక్కుపోయి, మంచుకొండలు తేటగా కనబడే నెల. ఒప్పుకుంటాను. కానీ 2014 అక్టోబర్ గుర్తుందా? 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను అక్కడితో ఆగలేదు. దాని తేమే ఉత్తరానికి పోయి, 14న అన్నపూర్ణ ప్రాంతంలో, థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల మంచు తుఫానుగా దిగింది. 40 మందికి పైగా పోయారు. అందరూ సీజన్ చూసుకుని వెళ్ళినవాళ్ళే.

అంత ఘోరం వద్దనుకుంటే క్యోటో చెర్రీ పూలు చూడండి. 2021లో మార్చి 26కే నిండుగా విచ్చుకున్నాయి. 1,200 ఏళ్ళ లెక్కల్లో అప్పటిదాకా అంత ముందుగా ఎప్పుడూ పూయలేదట. సగటు నమ్ముకుని ఏప్రిల్ మొదటి వారానికి టికెట్ కొన్నవాడు రాలిన రేకులు చూసి వచ్చి ఉంటాడు.

లెక్కలమాస్టారు:
ఎప్పుడో ఒక్క ఏడాది వచ్చిన తుఫానును పట్టుకుని సిద్ధాంతం చేయకండి. సగటు హామీ ఇస్తుందని నేనన్నానా? పందెం కాసేటప్పుడు ఏ వైపు కాయాలో చెబుతుంది, అంతే.

మా ఇంట్లో ప్రయాణాల ప్లాన్ అంతా నా నెత్తినే. ఒకసారి పిల్లల సెలవులు, బావగారి వీలు అన్నీ కుదిరాయి కదా అని ఏప్రిల్‌లో మంచుకొండల వ్యూ పాయింట్‌కు అందరినీ తీసుకెళ్ళాను. వానలకు ముందు కాలం, గాలి నిండా దుమ్ము, పొగ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, స్వెట్టర్లు తొడుక్కుని, మెట్లెక్కి, బూడిదరంగు తెర ముందు వరసగా నిలబడేవాళ్ళం. హోటల్ మేనేజర్ రోజూ ఒకటే మాట, రేపు కనబడతాయండీ అని. ఇప్పటికీ ఏ పెళ్ళిలో కలిసినా మా బావగారు "కొండలు కనబడ్డాయా మాస్టారూ" అని పలకరిస్తారు. ఆ మంట మీకేం తెలుసు?

చిన్నగొడుగు:
బావగారికి నమస్కారాలు 😄

దారితప్పినవాడు:
మీ బావగారు ఎగతాళి చేశారని లోకమంతా సీజన్‌లోనే తిరగాలా? ఇదేం న్యాయం స్వామీ?

లెక్కలమాస్టారు:
మాట తిన్నగా రానివ్వండి. పైసా బాధ్యత లేకుండా బ్యాగు తగిలించుకుని పోయేవాళ్ళు సలహాలివ్వడం సులువే.

నిర్వాహకుడు:
వ్యక్తిగతం వద్దు. ఇంకొక్క మాట తూలితే ఈ చర్చ మూసేస్తాను.

దారితప్పినవాడు:
బాధ్యత లేదా? నా ఉద్యోగం ఏమిటో తెలుసా మీకు? అందరికీ సెలవులున్నప్పుడే మాకు పని ఎక్కువ. మంచి నెలలన్నీ సీనియర్లు ముందే రాయించుకుంటారు. నాకు మిగిలేవి ముసురు రోజులు, మండుటెండలు. "సీజన్‌లో వెళ్ళండి" అని మీరు హాయిగా రాస్తారు. నాకది "నువ్వు ఇంట్లోనే ఉండు" అన్నట్టే వినబడుతుంది. అందుకే చిక్కిపోయిన జలపాతాలు, మబ్బు పట్టిన కొండలు, ఆకురాలిన అడవులు చూడడం నేర్చుకున్నాను. వాటిలో అందం లేదని ఎవరన్నా అంటే ఊరుకోను.

లెక్కలమాస్టారు:
అందం లేదని నేననలేదు. మీకు ఈసారి బాగోకపోతే ఇంకోసారి ఉంటుంది. నాకు ఉండదు. ఇంతమందికి సెలవులు కుదరాలి, డబ్బు కూడాలి, పెద్దవాళ్ళ ఆరోగ్యం సహకరించాలి. ఇవన్నీ కలిసొచ్చిన ఒక్కసారి, చూద్దామనుకున్నది కనబడకపోతే దాన్ని అనుభవం అని సర్దిచెప్పుకోవడం నా వల్ల కాదు.

పగటివెన్నెల:
నీలిమేఘం గారూ, ఉన్నారా? మీతో ఎవరు వస్తున్నారు? మళ్ళీ వెళ్ళే వీలుంటుందా?

నీలిమేఘం:
ఉన్నానండీ, ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను. నేనూ అమ్మా. మళ్ళీ వెళ్ళే వీలుండదు. అమ్మకు ఫోటోలు అక్కర్లేదు, కనబడినా కనబడకపోయినా బాధ లేదు. ఆ హోరు వినాలి, తుంపరలో నిలువునా తడవాలి, అంతే ఆవిడ కోరిక. ఎండ మాత్రం అస్సలు పడదు, కళ్ళు తిరుగుతాయి.

లెక్కలమాస్టారు:
ఇంకేం మరి, అక్టోబర్ కుదరదు! తుంపర బాగా తగ్గిపోతుంది, పైగా అక్కడ ఏడాది మొత్తం మీద వేడి నెల అదే. మధ్యాహ్నాలు 35 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఇదే కదా మొదట చెప్పాను.

దారితప్పినవాడు:
తడవడమే ముఖ్యమైతే నేనూ అక్కడికి పంపను. దక్షిణ అమెరికా దాకా వెళ్ళగలిగితే బ్రెజిల్, అర్జెంటీనా సరిహద్దున ఉన్న ఇగ్వాసు జలపాతం చూడండి. అక్కడ ఎండిపోయే కాలమంటూ విడిగా లేదు, వానలు ఏడాది పొడుగునా పడతాయి, అక్టోబర్‌లో ఇంకా ఎక్కువ. అప్పుడు అక్కడ వసంతం, వేసవి ఉక్క ఇంకా మొదలవదు. డెవిల్స్ థ్రోట్ అనే చోట నడకవంతెన చివర నిలబడితే చాలు, అమ్మగారి కోరిక తీరుతుంది.

లెక్కలమాస్టారు:
అక్టోబర్‌లో అక్కడ వాన ఎక్కువని మీరు ఏ లెక్క చూసి చెప్పారు? సగటు చూసే కదా? సరే. మరి 2023 అక్టోబర్ చివర్లో ఏమైంది? మామూలుగా సెకనుకు 1,500 ఘనపు మీటర్లు పడే చోట 24,000 దాటి పడ్డాయి. నడకవంతెనలు మూసేశారు.

దారితప్పినవాడు:
ఎప్పుడో ఒక్క ఏడాది వచ్చిన వరదను పట్టుకుని...

చిన్నగొడుగు:
😂😂

నీలిమేఘం:
ఇగ్వాసు ఆలోచన బాగుంది. అమ్మ నడవగలదు కానీ నిదానంగా. బ్రెజిల్ వైపు, అర్జెంటీనా వైపు అంటున్నారు, ఎటు మేలు?

దారితప్పినవాడు:
బ్రెజిల్ వైపు. బాట చిన్నది, జలపాతాల వరస మొత్తం ఎదురుగా కనబడుతుంది, చివర్లో లిఫ్టు ఉంది. అక్కడా బాగానే తడుస్తారు.

లెక్కలమాస్టారు:
కనబడకపోయినా ఫర్వాలేదన్నారు కదా ఆవిడ. అర్జెంటీనా వైపు చిన్న రైలు దిగాక వంతెన మీద కిలోమీటరు పైచిలుకు నడవాలి, అంతా చదునే. థ్రోట్ సరిగ్గా కాళ్ళ ముందే పడుతుంది. పోయేముందు వంతెన తెరిచి ఉందో లేదో కనుక్కోండి. వాతావరణ సూచన ఐదారు రోజులకు మించి నమ్మకండి. అక్కడ రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకుని, ఏ రోజు ఎటు పోవాలో అక్కడికెళ్ళాక తేల్చుకోండి.

దారితప్పినవాడు:
చివరికి మాస్టారు కూడా అక్కడికెళ్ళాక తేల్చుకోమన్నారు, అందరూ గమనించాలి.

లెక్కలమాస్టారు:
రోజు తేల్చుకోమన్నాను. నెల కాదు.