పూల బొమ్మల గాజు పలకపై కూరలు తరగవచ్చునా?

అమలాపురం గృహిణి:
ఉగాదికి మా ఆడపడుచు గులాబీ రంగు చెర్రీ పూల కొమ్మలు అచ్చువేసిన గాజు చాపింగ్ బోర్డును కానుకగా ఇచ్చింది. మన మామిడి పూత కాకపోయినా చూడముచ్చటగా ఉంది. రోజూ దానిపైనే కూరలు తరుగుతున్నాను. నెల తిరగకముందే కత్తికి టమాటా తొక్క కూడా తెగడం లేదు. తప్పు కత్తిదా, గాజుదా? చెక్కకు నీచు వాసన పడుతుంది కనుక గాజే శుభ్రమని మా అత్తగారు అంటున్నారు.

పాలకొల్లు సభ్యుడు:
తప్పు గాజుదేనండి. కత్తి దిగినప్పుడు చెక్క కొద్దిగా లొంగుతుంది, గాజు లొంగదు. అందువల్ల ప్రతి దెబ్బకూ పలుచని ఉక్కు అంచే మడతపడి మొద్దుబారుతుంది. కత్తిపీటకు పదును ఎక్కువకాలం నిలవడానికి కారణం కూడా ఇదే: అక్కడ వంకాయ కదులుతుంది, కత్తి కదలదు, దాని అంచు ఏ గట్టి వస్తువునూ తాకదు. ఇక చేతికి నూనె రాసుకుని, పొట్టు రాలేవరకు పనసకాయను కత్తితో కొడుతూనే ఉండే పనిని గాజుపై తలచుకుంటేనే నాకు భయం వేస్తుంది. ఈ పలకలకు వాడే టెంపర్డ్ గాజును 600 డిగ్రీలకు పైగా వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చుతారు. అది మామూలు గాజు కంటే గట్టిదే కానీ, అంచున బలమైన దెబ్బ తగిలితే పలకంతా ఒకేసారి చిన్న ముక్కలవుతుంది.

నరసాపురం సభ్యురాలు:
కత్తి విషయం ఒప్పుకుంటాను, కానీ అత్తగారి మాటను తోసిపుచ్చలేము. గాజులోకి నీచు నీరు గానీ పసుపు గానీ ఇంకదు, సబ్బుతో కడిగితే చాలు. మన వానాకాలంలో తడిసిన చెక్క ఆరక బూజు పట్టడం అందరం చూసినదే.

పాలకొల్లు సభ్యుడు:
కడగడం సులువన్నది నిజమే. అయితే ఆహార భద్రతపై పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త డీన్ క్లివర్ బృందం 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, చెక్కలోకి ఇంకిన సూక్ష్మజీవులు అక్కడ వృద్ధి చెందలేదని తేలింది. చెక్కను కడిగి గాలి తగిలేలా నిలబెడితే బూజు బెడద కూడా తగ్గుతుంది. చేప జిగురుతో తడిసిన గాజుపై కత్తి జారితే తెగేది మన వేలేనండి. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది అదే.

అమలాపురం గృహిణి:
చేపలకు కత్తిపీటనే వాడతాను. ఈ పలకను పండుగనాడు ఆత్రేయపురం పూతరేకులు అమర్చడానికి ఉంచుతాను, ఆడపడుచు కూడా సంతోషిస్తుంది. మరి మొద్దుబారిన కత్తిని మార్చవలసిందేనా?

పాలకొల్లు సభ్యుడు:
అవసరం లేదండి, సాన పట్టిస్తే చాలు.