యార్క్‌లో చూసిన 1842 నాటి రైలు పెట్టె మూడు బగ్గీలు అతికించినట్టు ఎందుకుంది?

లీడ్స్_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, ఇప్పుడు లీడ్స్‌లో ఉంటున్నాం. పోయిన శనివారం పిల్లల్ని యార్క్ రైల్వే మ్యూజియానికి తీసుకెళ్లాం. అక్కడ అడిలైడ్ రాణి కోసం 1842లో చేసిన చెక్క రైలు పెట్టె ఉంది. చూడగానే మా వాడు "అమ్మా, ఇది రైలా, గుర్రపు బగ్గీయా?" అని అడిగాడు. నిజంగానే మూడు బగ్గీలను వరసగా అతికించినట్టుంది. పక్కలు కిందికి వచ్చేసరికి లోపలికి ఒదిగిపోయాయి. ఒక చివర చిన్న పెట్టె ఒకటి బయటికి పొడుచుకొచ్చింది.

ఇంజను ఇనుముతో చేయగలిగినవాళ్లు పెట్టెను బగ్గీలాగా, అదీ చెక్కతో ఎందుకు చేశారు? ఆ తర్వాత కూడా అన్నేళ్లు చెక్కనే ఎందుకు పట్టుకుని కూర్చున్నారు? తెలిసినవాళ్లు చెప్పగలరు.

క్యారేజీ_వడ్రంగి:

అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం. నేను 1971లో ఒక క్యారేజీ వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, వడ్రంగినై, 2009లో రిటైరయ్యాను. మొదట్లో చాలా ఏళ్లు మీటర్ గేజి చెక్క పెట్టెల మీదే పని చేశాను.

1830లో లివర్‌పూల్-మాంచెస్టర్ లైను మొదలయ్యేనాటికి రైలు పెట్టెల వడ్రంగి అనేవాడు లోకంలో లేడు. ఉన్నవాళ్లు బగ్గీలు చేసేవాళ్లే. ఆ లైనుకు పెట్టెలు చేసిన నథానియెల్ వర్స్‌డెల్ బగ్గీల పనివాడు. 'రాకెట్' అనే ఆవిరి ఇంజనుకు వెనక ఇంధనం, నీళ్లు మోసే బండి (టెండరు) కూడా ఆయన చేసిందే. ఎదురెదురుగా ముగ్గురేసి, ఆరుగురు కూర్చునే బగ్గీ గది ఆయన చేతికి అలవాటైన కొలత. అలాంటి గదులు మూడు తీసుకుని ఒకే చట్రం మీద బిగిస్తే 18 మంది పట్టే ఫస్ట్ క్లాసు పెట్టె తయారైంది. మీ అబ్బాయి సరిగ్గా చూశాడు, అది బగ్గీయే.

ఇక ఆ ఒదుగు. మనిషి కూర్చుంటే భుజాలకు, మోచేతులకు చోటు కావాలి, పాదాల దగ్గర అంత అక్కర్లేదు. అందుకని నడుము ఎత్తులో వెడల్పుగా ఉంచి కింద సన్నం చేశారు. అలా మిగిలిన చోట్లో ఎక్కే మెట్టు పలక ఇమిడిపోతుంది, ప్లాట్‌ఫారానికి తగలదు. ఆ వంపు కోసం నిలువు కర్రలను ఒక్కొక్కటిగా వంపుగా కోసి, చిత్రిక పట్టి, కుసులు (కొసన దూర్చే ముక్కులు) చెక్కి కింది దూలంలో దించాలి. తిన్నటి కర్రతో అయితే గంట పని, వంపు కర్రకు పూట పడుతుంది.

బయట సన్నని బీడింగులు, అంటే అతుకుల మీద కొట్టే చెక్క పట్టీలు, కనిపించాయా? అవి అందానికే అనుకుంటారు చాలామంది. కాదు. చట్రం మీద కొట్టేది పల్చటి పలక. ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. రెండు పలకలు కలిసేచోట నీళ్లు దిగకుండా బీడింగు కప్పుతారు. ఒక పలక చెడితే చుట్టూ ఉన్న నాలుగు బీడింగులు ఊడదీసి ఆ ఒక్కదాన్నే మారుస్తాం, పెట్టె మొత్తం విప్పే పని లేదు. చెక్క అంతకాలం నిలవడానికి నేను చెప్పే మొదటి కారణం ఇదే. రెండోది, చెక్క మోత పుట్టించదు, ఇనుప రేకులా ఎండకు కాలిపోదు. చక్రం కూడా చెక్కే ఉండేదమ్మా! 1848లో మాన్సెల్ అనే ఆయన పేటెంటు తీసుకున్న చక్రంలో నడిమి ఇనుప కుండకూ అంచు చుట్టూ ఉండే ఇనుప పట్టాకూ మధ్య 16 టేకు ముక్కలు ముక్కోణంగా కోసి బిగించేవాళ్లు. అది పట్టాల మీద ఎంతో మెత్తగా వెళ్లేదని పేరు.

టేకు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఇంగ్లండులో గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్లు బర్మా టేకు వాడి, రంగు వేయకుండా వార్నిష్ మాత్రమే పూసేవాళ్లు. 1930లలో కూడా ఆ టేకు పెట్టెలు కొత్తవి తయారయ్యాయి. టేకు చేవలో నూనె ఉంటుంది, చెద దరిచేరదు. చిత్రిక పడుతుంటే ఆ వాసన చేతులకు పట్టి ఇంటిదాకా వచ్చేది.

పాత_పట్టాలు:

చాలా బాగా చెప్పారు వడ్రంగి గారూ. మన దేశంలోనూ కథ బగ్గీల దగ్గరే మొదలైంది. హౌరా లైను కోసం ఇంగ్లండు నుంచి పెట్టెలు తెస్తున్న 'గుడ్విన్' అనే ఓడ హుగ్లీ నది మొగ దగ్గర మునిగిపోయింది. ఇంజను ఎక్కించిన ఓడేమో పొరపాటున ఆస్ట్రేలియా వెళ్లింది. దాంతో కలకత్తాలో బగ్గీలు చేసే స్టూవర్ట్, సీటన్ కంపెనీల చేత పెట్టెలు చేయించి 1854 ఆగస్టు 15న రైలు నడిపారు. మద్రాసులో 1856 జులై 1న రాయపురం నుంచి బయల్దేరిన మొదటి రైలుకు పెట్టెలు చేసిన సింప్సన్ వాళ్లు కూడా బగ్గీల కంపెనీయే.

లీడ్స్_అమ్మాయి:

ఇద్దరికీ చాలా థాంక్స్. మా వాడికి చదివి వినిపించాను. ఒక్క మాట అండీ, అప్పటి బొమ్మల్లో థర్డ్ క్లాసుకు కప్పే కనిపించదు, అది నిజమేనా? చెక్క పెట్టెలకు నిప్పు అంటుకుంటే ఏమయ్యేది? ఆ చివర పొడుచుకొచ్చిన చిన్న పెట్టె సంగతి కూడా మిగిలిపోయింది.

క్యారేజీ_వడ్రంగి:

నిజమేనమ్మా. మొదట్లో పేదవాళ్లను కప్పు లేని తొట్టి బండ్లలో ఎక్కించారు. కొన్నింటికి నేలలో బెజ్జాలు వేశారు, వాన నీళ్లు పోవడానికి! 1841 డిసెంబరు 24న ఇంగ్లండులో సోనింగ్ దగ్గర మట్టి జారిపడి రైలు ఆగిపోతే, పొట్టి గోడల బండ్లలోని వాళ్లు ఎగిరిపడి చనిపోయారు. 1844లో చట్టం వచ్చింది. రోజుకు ఒక రైలైనా మైలుకు ఒక పెన్నీ చొప్పున నడపాలి, అందులో ఎండావానా తగలకుండా కప్పు ఉండాలి అని. థర్డ్ క్లాసు మనిషికి తలమీద చెక్క వచ్చింది అలాగే.

నిప్పు గురించి రాయడం నాకు కష్టంగానే ఉంటుంది. చెక్క పెట్టె గుద్దుకుంటే ఒకదాంట్లోకి ఒకటి దూసుకుపోతుంది. ఇనుప చట్రం నిలబడుతుంది, దాని మీది చెక్క గది నిలబడదు. 1915 మే 22న స్కాట్లండులో క్వింటిన్స్‌హిల్ దగ్గర సైనికుల రైలు అలా గుద్దుకుని 213 గజాల పొడవు 67 గజాలకు కుంగిపోయింది. దీపాల కోసం నేల కింద గ్యాసు సిలిండర్లు ఉన్నాయి. అవీ అంటుకున్నాయి. గుద్దుకోవడంలో, మంటల్లో కలిపి 200 మందికి పైగా పోయారు. నేను ఎంత ప్రేమించిన చెక్క అయినా సరే, మనుషులను ఎక్కించే పెట్టెకు ఉక్కే కావాలి. 1955లో పెరంబూరులో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ మొదలై, స్విట్జర్లండు వాళ్ల నమూనాతో చట్రమూ గోడలూ కప్పూ ఒకే ఉక్కు గూడుగా వచ్చాక ఆ భయం చాలా తగ్గింది.

ఇక ఆ చిన్న పెట్టె. అది రాణి పాదాలకు! గదిలో ఎదురెదురు సీట్ల మధ్య పలక వేసి, పైన పరుపు పరిస్తే పక్క తయారవుతుంది. కానీ గది పొడవు చాలదు. అందుకని చివరి గోడకు బెజ్జం చేసి, పాదాలు చాపుకోవడానికి ఆ పెట్టెను బయటికి తగిలించారు. బగ్గీ వెనక సామాను పెట్టె ఉండేది చూడండి, అదే ఇలా పనికొచ్చింది.

మళ్లీ వెళితే నాకొక సాయం చేయండి. పాత పెట్టెల్లో కిటికీ అద్దాన్ని తోలు పట్టీతో పట్టి కిందికి దించుతారు, అది తలుపు పొట్టలోకి దిగిపోతుంది. దాంతోపాటు వాన నీళ్లూ దిగుతాయి. ఆ నీళ్లు పోవడానికి తలుపు అడుగున చిన్న బెజ్జాలుంటాయి. నేను పనిచేసినచోట రంగులు వేసేవాళ్లు ఆ బెజ్జాలకు లప్పం పెట్టి నున్నగా మూసేసేవారు. పైకి తలుపు కొత్తగా మెరిసేది. మూడేళ్లకు పీఓహెచ్‌కు, అంటే గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతుకు వస్తే, మెటికతో తట్టగానే 'డొక్కు డొక్కు' మని చప్పుడు. పలక తీస్తే కింది కర్ర తడి అటుకుల్లా చేతిలోకి వచ్చేది. ఎన్ని తలుపులకు కొత్త కర్ర వేశానో లెక్కలేదు. మా మేస్త్రి నాకు నేర్పిన మొదటి పని ఉలి పట్టడం కాదు, సన్నని ఇనుప పుల్లతో ఆ బెజ్జాలు పొడవడం.

ఈసారి కాస్త వంగి, అక్కడున్న ఏ పాత పెట్టె తలుపుకైనా అడుగు భాగం ఫొటో తీసి పెట్టండి. అబ్బాయి చేత తీయించండి, వాడికి వంగడం తేలిక. బెజ్జాలు ఏ కొలతలో వేశారో, ఎన్ని వేశారో చూడాలని ఉంది.

లీడ్స్_అమ్మాయి:

తప్పకుండా బాబాయ్ గారూ. వచ్చే నెల రెండో శనివారం వెళ్తున్నాం. మా వాడు ఇప్పటినుంచే టార్చి తీసి బ్యాగులో పెట్టుకున్నాడు.