పేగు క్యాన్సర్ ఆపరేషన్ రోజే మంచం దింపుతారట. తొందరగా ఇంటికి పంపడానికేనా, ఆయుష్షుకు కూడా మంచిదా?

పాకాల అమ్మాయి:
మా నాయనకు 64 ఏళ్లు. పాకాల దగ్గర చెరకు వేసి బెల్లం వండుతాడు. పెద్దపేగులో ఎడమ వైపు క్యాన్సర్ గడ్డ అని తేలింది. వచ్చే బుధవారం తిరుపతిలో ఆపరేషన్. బీడీలు నెల ముందే మాన్పించారు. ఆపరేషన్‌కు రెండు గంటల ముందు దాకా తియ్యటి నీళ్లు తాగొచ్చని, అదే సాయంత్రం మంచం దింపి కూర్చోబెట్టి నోటికి కూడా ఇస్తామని డాక్టర్ గారు చెప్పారు. ఇంట్లో అందరికీ టెన్షన్.

పదిహేనేళ్ల కిందట మా పెదనాయనకు వేరే ఊళ్లో పేగు ఆపరేషన్ చేసినప్పుడు ఐదో రోజు దాకా చుక్క నీళ్లు పోయనివ్వలేదు. తడిగుడ్డతో పెదాలు తుడిచేవాళ్లం. "పచ్చి కుట్ల మీద తిండి పెడితే ఊడిపోవా?" అంటుంది మా మేనత్త. నాకు తెలియాల్సింది ఒకటే. దీనివల్ల నాయన ఎక్కువ కాలం బతుకుతాడా?

రిటైర్డ్ సిస్టర్, తిరుపతి:
అమ్మా, నేను ఇక్కడే సర్జరీ వార్డుల్లో 31 ఏళ్లు పనిచేశాను. మీ అత్త భయం నాకు అర్థమవుతుంది, మేమూ అలాగే చేశాం. నోటికి ఏమీ ఇవ్వొద్దని మంచానికి అట్ట కట్టింది నేనే. ముక్కులో గొట్టం, సెలైన్ మీద సెలైన్. మూడో రోజుకు కాళ్లు ఉబ్బేవి. ఆ నీరు పేగుకూ పడుతుంది. ఉబ్బిన పేగు కదలదు, కుట్లూ సరిగా మానవు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు మీ డాక్టర్ గారు చెప్పిన పద్ధతిని ఎరాస్ అంటారు, అంటే ఆపరేషన్ తర్వాత మనిషి తొందరగా కోలుకునేలా చూసే పద్ధతి. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లలో మొదలుపెట్టిన ఆలోచన. ఆపరేషన్ దెబ్బకు ఒంట్లో షుగర్ పెరుగుతుంది, కండ కరుగుతుంది. ఆ దెబ్బనే తగ్గించాలని చూస్తారు.

ఇక మీరు అడిగింది. స్టాక్‌హోమ్‌లో 2002 నుంచి 2007 వరకు ఆపరేషన్ అయిన 911 మంది వివరాలు చూసి 2016లో ప్రచురించారు. ఈ పద్ధతిలో చెప్పినవాటిలో 70 శాతం, ఆపైన పాటించిన వాళ్లకు ఐదేళ్లలో క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు 42 శాతం తక్కువగా కనిపించింది. సెలైన్ అతిగా ఎక్కించకపోవడం, ఆపరేషన్ రోజే నోటితో తీసుకోవడం, ఈ రెండూ విడిగా కూడా మేలు చేసినట్టు తేలాయి. అయితే అది చీటీలేసి మనుషుల్ని రెండు గుంపులు చేసిన పరీక్ష కాదమ్మా. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లే ఎక్కువ పాటించగలిగి ఉండొచ్చు. అందుకే గ్యారంటీ అని చెప్పను.

నా నమ్మకం మాత్రం కీమో దగ్గర ఉంది. మూడో స్టేజీ, అంటే క్యాన్సర్ పక్కనున్న లింఫు గ్రంథులకు పాకింది అని తేలితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు కీమో మొదలవ్వాలి. కుట్ల దగ్గర లీకయినా, చీము పట్టినా అది వెనక్కి పోతుంది. నాలుగు వారాలు ఆలస్యమైన కొద్దీ చనిపోయే ముప్పు సుమారు 14 శాతం పెరుగుతుందని 2011లో చాలా అధ్యయనాలు కలిపి చూసి చెప్పారు. మనిషి తొందరగా లేచి తిరిగితే ఆ గడువు అందుతుంది. స్టేజీని మాత్రం ఏ పద్ధతీ మార్చలేదు. ఆపరేషన్‌లో తీసిన పేగు ముక్కను పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టులో కనీసం 12 లింఫు గ్రంథులు చూశారో లేదో తప్పకుండా అడగండి.

నాయనకు షుగర్ ఉందా? రక్తం ఎంతుంది? ఆ పొద్దున పాలు కలిపిన కాఫీ మాత్రం ఇవ్వకండి, అది తిండి కిందే లెక్క.

చిత్తూరు అన్న:
చెల్లెమ్మా, మా ఇంటావిడకు రెండేళ్ల కిందట వెల్లూరులో ఇలాగే చేశారు. మొదటి రోజు కుర్చీలో కూర్చుంది, రెండో రోజు వరండా చివరి దాకా నడిచింది. ఆరో రోజు చిత్తూరు వచ్చేశాం. ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది. మాత్ర వేసి చూద్దామనుకోలేదు, వెంటనే వార్డుకు ఫోన్ చేసి రాత్రికే తీసుకెళ్లాం. గాయంలో చీము, పైపైనే. అప్పుడే పట్టుకున్నారు కాబట్టి ఆరో వారంలో కీమో మొదలైంది. ఇంటికొచ్చాక జ్వరం, కడుపు ఉబ్బు, వాంతులు, ఏది కనిపించినా ఆగొద్దు. వార్డు నంబరు ముందే రాసి పెట్టుకోండి.

పాకాల అమ్మాయి:
సిస్టర్ గారూ, షుగర్ లేదు. రక్తం 9 ఉంటే ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. మీరు రాసింది అత్తకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నకు ఆ నీళ్లు నేనే తాగిస్తా" అంది. అన్నా, నంబరు రాసుకున్నాను. బుధవారం రాత్రి ఇక్కడే చెబుతాను.