అప్‌డేట్: చివరికి సునౌలీ దగ్గరే నేపాల్ సరిహద్దు దాటాం

బెంగళూరు నుంచి సొంత కారులో కాఠ్మాండూ వెళ్ళాలి, సరిహద్దు దాటడానికి సునౌలీ మంచిదా, రక్సౌల్ మంచిదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. వెళ్ళొచ్చేశాం. అమ్మకి లుంబిని చూడాలని ఎన్నాళ్ళగానో కోరిక. గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దాటితే అది చాలా దగ్గర, అందుకే అటే వెళ్ళాం.

లారీల వరుస చూసి గుండె జారింది కానీ, కార్లని పక్కనుంచి వదిలారు. భన్సార్ కౌంటర్లో (అదే, వాళ్ళ కస్టమ్స్) ఒరిజినల్ ఆర్సీ, లైసెన్సు చూపించి, ఉండే రోజుల లెక్కన డబ్బు కట్టాం. ఒక రోజు ఎక్కువే రాయించుకోమని ఇక్కడ సలహా ఇచ్చినవాళ్ళకి చేతులెత్తి దండం! బుట్వల్–నారాయణ్‌ఘాట్ రోడ్డు పనుల వల్ల తిరుగు ప్రయాణం ఆలస్యమైంది. ఆ అదనపు రోజు లేకపోతే జరిమానా తప్పేది కాదు.

అమ్మకి పాస్‌పోర్టు లేదు, ఓటరు కార్డే. మూలన లామినేషన్ ఊడిపోయింది. సరిహద్దు దగ్గర అధికారి దాన్ని వెలుగుకి తిప్పి చూస్తున్నంతసేపూ అమ్మ నా చెయ్యి వదల్లేదు. సరేనని తిరిగిచ్చేశాడు.

లుంబినిలో అశోకుడి స్తంభం ముందు అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. బుద్ధుడు పుట్టిన ఊరని పన్ను ఎనిమిదో వంతుకి తగ్గించినట్టు దాని మీద రాసుందని చెబితే, ఆ అక్షరాలు మళ్ళీ చూపించమంది.